నడుముకి పిస్టల్, డెబ్బై దాటిన చెయ్యి

(డాలస్ పక్కన ఫ్రిస్కోలో నెలకోసారి కలిసే తెలుగు పెద్దల సమావేశంలో ఒక రిటైర్డ్ డాక్టర్ గారు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. రండి అక్కయ్యగారూ, ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. సరిగ్గా వినపడనివాళ్ళు దయచేసి ముందుకి వచ్చి కూర్చోండి. ఇవాళ్టి విషయం సగం విని ఇంటికెళ్ళేది కాదు.

పోయిన నెల ఇక్కడే, భోజనాల దగ్గర, ఒక బావగారు కొత్తగా పిస్టల్ కొన్నానని చెప్పారు. నలుగురు చుట్టూ చేరారు. ఏ కంపెనీది, ఎంతయింది, ఎక్కడ నేర్పుతారు, జేబులో పెట్టుకోవచ్చా అని అడుగుతున్నారు. నేను పక్కనే నిలబడి పప్పు వడ్డించుకుంటున్నాను. ఇంటికెళ్ళాక నిద్ర పట్టలేదు. పొద్దున్నే సెక్రెటరీ గారికి ఫోన్ చేసి, వచ్చే నెల బీపీ, షుగరు వద్దు, దీని గురించి మాట్లాడతాను అన్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. తుపాకీ అనగానే చెవులు మూసుకునే మనిషిని కాను నేను. పన్నెండేళ్ళు నా దగ్గర పిస్టల్ ఉంది. క్లినిక్ మూసి రాత్రి తొమ్మిదింటికి పార్కింగ్‌లో ఒంటరిగా నడిచేవాణ్ణి కాబట్టి కొనుక్కున్నాను. లైసెన్స్ తీసుకున్నాను, నేర్చుకున్నాను, నడుముకి పెట్టుకుని తిరిగాను. ఏడాదిన్నర కిందట ఇచ్చేశాను. ఎందుకు ఇచ్చేశానో చెప్పడానికే వచ్చాను.

మనకి భయం ఊరికే రాలేదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఓలేతలో కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపారు. ఆఫీసు అయ్యాక స్నేహితుడితో కాసేపు కూర్చున్న పిల్లాడు. ఆ వారం మన ఇళ్ళల్లో ఎవరు సరిగ్గా అన్నం తిన్నారు? అంతకుముందు, 2011 నుంచి 2014 దాకా, భారతీయుల, ఆసియావాళ్ళ ఇళ్ళనే ఏరుకుని దోచిన ముఠా ఒకటుంది. జార్జియా, న్యూయార్క్, ఒహాయో, మిషిగన్, మన టెక్సస్. ఇంట్లో మనుషులు ఉండగానే తుపాకులతో జొరబడేవాళ్ళు. మన ఇళ్ళల్లో బంగారం ఉంటుందని ఇక్కడి దొంగలకి ఎప్పుడో తెలిసిపోయింది. పగలంతా పిల్లలు ఆఫీసుల్లో ఉంటారు. పెద్ద ఇంట్లో ఇద్దరం ముసలివాళ్ళం. తలుపు చప్పుడైతే గుండె జారుతుంది. ఆ భయాన్ని నేను తక్కువ చెయ్యను. నాకూ ఉంది.

మన ఊళ్ళల్లో తుపాకీ అంటే ఏమిటి? ఏ కరణం గారి గోడకో, బ్యాంకు వాచ్‌మన్ భుజానికో వేలాడేది. లైసెన్స్ కావాలంటే ఏళ్ళు తిరగాలి. ఎన్నికలొస్తే తీసుకెళ్ళి స్టేషన్‌లో అప్పజెప్పాలి. ఇక్కడ? షాపులో ఒక ఫారం నింపుతాం, వాళ్ళు కంప్యూటర్‌లో చెక్ చేస్తారు, చాలాసార్లు నిమిషాల్లో అయిపోతుంది. సంచిలో పెట్టి ఇస్తారు. 2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో 21 దాటి, చట్టప్రకారం తుపాకీ ఉంచుకోదగ్గ మనిషైతే, లైసెన్స్ లేకుండానే పిస్టల్ పెట్టుకుని బయట తిరగొచ్చు. క్లాసు అక్కర్లేదు. ఎవరి ముందూ కాల్చి చూపించక్కర్లేదు.

కానీ ‘చట్టప్రకారం ఉంచుకోదగ్గ మనిషి’ అన్న చోట ఆగండి. ఇది చాలామందికి తెలియదు. విజిటర్ వీసా మీద ఆరు నెలలకి వచ్చిన అమ్మానాన్నలు తుపాకీ ముట్టుకోకూడదు. ఇది ఫెడరల్ చట్టం, ఏ రాష్ట్రానికి వెళ్ళినా వర్తిస్తుంది. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, అవి మన అమ్మానాన్నలకి ఎలాగూ ఉండవు. అల్లుడు సరదాగా షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళి, మావయ్యగారూ ఒక్కసారి కాల్చండి, ఫోటో తీస్తాను అన్నా వద్దనండి. ఆ ఫోటోనే సాక్ష్యం అవుతుంది. గ్రీన్ కార్డు ఉంటే ఉంచుకోవచ్చు. అయితే గ్రీన్ కార్డు ఉన్న మనిషికి తుపాకీ కేసులో శిక్ష పడితే దేశంలోంచి పంపించెయ్యడానికి అది చాలు. ముప్ఫై ఏళ్ళు ఇక్కడ పన్నులు కట్టాను అన్నా కుదరదు.

సరే, సిటిజన్‌షిప్ ఉంది, డబ్బుంది, కొన్నారు. ఇప్పుడు చెయ్యి సంగతి చూద్దాం.

ఒక్కసారి మీ కుడి చెయ్యి చూసుకోండి. బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర కీలు ఉంటుంది. ఊరగాయ జాడీ మూత తిప్పేటప్పుడు నొప్పి పుట్టేది అక్కడే. ఇక్కడ ఎంతమందికి ఆ నొప్పి ఉంది? చేతులెత్తండి. చూశారా, సగం పైనే.

పోయినేడాది మార్చిలో నేను రేంజ్‌కి వెళ్ళాను. అంతకుముందు ఎనిమిది నెలలు వెళ్ళలేదు. పిస్టల్‌లో తూటా గొట్టంలోకి ఎక్కాలంటే పైనుండే స్లైడ్‌ని వెనక్కి లాగి ఒక్కసారిగా వదిలెయ్యాలి. లాగాను. సగం దాకా వచ్చి ఆగిపోయింది. చేతికి చెమట పట్టిందేమో అనుకుని చొక్కాకి తుడుచుకుని మళ్ళీ లాగాను. మూడోసారి వచ్చింది. కానీ ఠక్కున వదలలేకపోయాను, స్ప్రింగు వెంట నా చెయ్యి కూడా మెల్లిగా ముందుకి వెళ్ళింది. అలా చేస్తే తూటా సరిగ్గా కూర్చోదు. ట్రిగ్గర్ నొక్కాను, పేలలేదు. ఏమైందా అని తిప్పి చూసుకుంటున్నాను. అప్పుడు ఎవరో వెనకనుంచి నా మణికట్టు పట్టుకున్నారు. రేంజ్ ఆఫీసర్. పాతికేళ్ళ కుర్రాడు. నా చెయ్యిని నెమ్మదిగా ముందుకి, టార్గెట్ వైపు తిప్పాడు. ‘సర్’ అన్నాడు, అంతే.

పక్క లేన్‌లో ఒక అమ్మాయి ఉంది. చెవులకి మఫ్‌లు పెట్టుకుని తన టార్గెట్ చూసుకుంటోంది. నా పిస్టల్ మూతి ఆ పిల్ల పక్కటెముకల వైపు తిరిగి ఉంది. ఆ పిల్లకి తెలియదు. ఇప్పటికీ తెలియదు.

నలభై ఏళ్ళు డాక్టర్‌గా చేసిన చేతులివి. ఈ చేతులు అలా చేశాయి.

కొందరు అంటారు, దానికి మార్గం ఉందండీ, రివాల్వర్ కొనుక్కోండి, స్లైడ్ లాగక్కర్లేదు అని. నిజమే, లాగక్కర్లేదు. కానీ మామూలుగా జేబులో పట్టే రివాల్వర్ ట్రిగ్గర్ నొక్కడానికి పది, పన్నెండు పౌండ్ల బలం కావాలి. వేలు ఆ బరువు లాగేలోపు మూతి పక్కకి వెళ్ళిపోతుంది. స్లైడ్ తేలిగ్గా కదిలే పిస్టళ్ళు కూడా వచ్చాయి, స్మిత్ అండ్ వెసన్ వాళ్ళు 2018లో ‘ఈజీ’ అని ఒకటి తెచ్చారు. దానితో చెయ్యి సమస్య కొంత తీరుతుంది. మరి కన్ను? అరవై ఏళ్ళ మనిషి కంటి లోపలికి చేరే వెలుతురు ఇరవై ఏళ్ళ వయసులో చేరినదాంట్లో మూడో వంతే. శుక్లాలు ఉంటే ఇంకా తక్కువ. రాత్రి రెండింటికి లేస్తాం, కళ్ళజోడు ఎక్కడో ఉంటుంది, వినికిడి మెషీన్ డబ్బాలో ఉంటుంది. పడుకునే ముందు టైలినాల్ పీఎం వేసుకుని ఉంటాం. అందులో నిద్ర కోసం కలిపిన మందు పెద్దవాళ్ళని మత్తులో, అయోమయంలో పడేస్తుంది, వద్దని ఎంతమందికి చెప్పానో. ఆ నిమిషంలో హాల్లో ఒక నీడ కదిలింది. ఎవరది? మీరే చెప్పండి, ఎవరది?

మనకి దగ్గర్లోనే జరిగిన ఒక సంగతి చెప్తాను. తుపాకీ మంచిదనేవాళ్ళూ, వద్దనేవాళ్ళూ ఇద్దరూ దీన్నే చెప్తారు. ఫోర్ట్‌వర్త్ పక్కన వైట్ సెటిల్‌మెంట్ అని ఊరుంది. ఇక్కణ్ణుంచి గంట దారి. 2019 డిసెంబర్ 29, ఆదివారం. చర్చిలో ప్రార్థన జరుగుతోంది, ఆన్‌లైన్‌లో లైవ్ వెళ్తోంది. ఒకడు లేచి కోటులోంచి షాట్‌గన్ తీశాడు. ఇద్దరు చనిపోయారు. మూడో మనిషి మీదికి వెళ్ళకముందే జాక్ విల్సన్ అనే 71 ఏళ్ళ పెద్దాయన ఒకే ఒక్క తూటాతో వాణ్ణి పడేశారు. మొత్తం ఆరు సెకన్లు. గవర్నర్ ఆయనకి పతకం ఇచ్చారు. ఆ రోజు ఆ చర్చిలో ఎన్నో ప్రాణాలు నిలిచాయి, అందులో నాకే సందేహమూ లేదు.

ఇక్కడిదాకా అందరూ చెప్తారు. మిగతాది కూడా వినండి. చనిపోయిన ఇద్దరిలో ఒకాయన వయసు 67. ఆయన కూడా ఆ చర్చి సెక్యూరిటీ టీంలోవారే. ఆయన దగ్గరా పిస్టల్ ఉంది. తియ్యబోయారు. తీసి గురి పెట్టేలోపే కాల్చేశాడు. ఇద్దరూ ధైర్యవంతులే. ఇద్దరి దగ్గరా తుపాకీ ఉంది. జాక్ విల్సన్ రిజర్వ్ డెప్యూటీగా, అంటే పోలీసులకి తోడుగా, పనిచేసిన మనిషి, వేరేవాళ్ళకి షూటింగ్ నేర్పే మనిషి. జీవితమంతా అదే పని. మనం తుపాకీ కొనుక్కునేటప్పుడు మనసులో జాక్ విల్సన్‌ని చూసుకుంటాం. మరి మన ప్రాక్టీసు ఎంత? ఏడాదికి రెండుసార్లా?

ఇప్పుడు రెండో పక్క. 2023 ఏప్రిల్ 13, కాన్సస్ సిటీ. రాల్ఫ్ యార్ల్ అనే 16 ఏళ్ళ పిల్లాడు తమ్ముళ్ళని తీసుకురావడానికి వెళ్ళాడు. 115వ టెర్రస్‌కి వెళ్ళాలి, 115వ స్ట్రీట్‌కి వెళ్ళాడు. మన సబ్‌డివిజన్లలో మనకి రోజూ జరిగే పొరపాటే. బెల్లు కొట్టాడు. లోపల 84 ఏళ్ళ పెద్దాయన ఒంటరిగా ఉన్నాడు. అద్దం తలుపులోంచే రివాల్వర్‌తో రెండుసార్లు కాల్చాడు. ఒకటి తలకి, ఒకటి చేతికి. దేవుడి దయ, పిల్లాడు బతికాడు. ప్రాణభయంతో కాల్చానని పెద్దాయన పోలీసులకి చెప్పాడు. ఆయన నల్లపిల్లాణ్ణి చూసి భయపడ్డాడు, అదీ నిజమే. మన పిల్లల రంగు ఏమిటో మనకి తెలుసు కదా. 2025 ఫిబ్రవరిలో నేరం ఒప్పుకున్నాడు, శిక్ష పడకముందే ఆ నెలలోనే చనిపోయాడు. ఆఖరి రెండేళ్ళు కోర్టుల్లోనే గడిచాయి.

రాత్రి తొమ్మిదింటికి బిర్యానీ పార్శిల్ పట్టుకుని మన ఇంటికి వచ్చే కుర్రాళ్ళెవరు? చాలాసార్లు మన పిల్లల్లాంటివాళ్ళే. వాళ్ళు ఎన్ని తప్పు తలుపులు తట్టి ఉంటారు?

ఇంకొకటి, ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఆ ఫోన్లు మనకీ వస్తున్నాయి. 2024 మార్చిలో ఒహాయోలో 81 ఏళ్ళ పెద్దాయనకి మోసగాళ్ళు ఫోన్ చేశారు. మీవాళ్ళొకరు జైల్లో ఉన్నారు, డబ్బు కట్టాలి అన్నారు, బెదిరించారు. ఆ మోసగాళ్ళే, ఒక ప్యాకెట్ తీసుకురావాలని చెప్పి ఒక ఊబర్ డ్రైవర్‌ని ఆ ఇంటికి పంపారు. ఆవిడకి ఏమీ తెలియదు. 61 ఏళ్ళ ఆవిడ, చేతిలో ఆయుధం లేదు, తన పని తాను చేసుకుంటోంది. దొంగల మనిషే అనుకుని ఆయన ఆవిణ్ణి కాల్చేశాడు. ఆవిడ చనిపోయింది. మోసపోయిన ఇద్దరు మనుషులు ఆ వాకిట్లో ఎదురుపడ్డారు, ఒకరి చేతిలో తుపాకీ ఉంది. ఫోన్ చేసినవాళ్ళు ఎక్కడో హాయిగా ఉన్నారు. పోలీసునంటూ, ఇమ్మిగ్రేషన్ ఆఫీసరునంటూ ఫోన్ వచ్చినప్పుడు మనకి ఎంత టెన్షన్ పుడుతుందో గుర్తు తెచ్చుకోండి. ఆ టెన్షన్‌లో సొరుగులో పిస్టల్ ఉంటే?

మతిమరుపు గురించి చెప్పి ముందుకి వెళ్తాను. ఈ దేశంలో 65 దాటినవాళ్ళలో దాదాపు తొమ్మిదిమందికి ఒకరికి అల్జీమర్స్. అది తాళాలు ఎక్కడ పెట్టామో మర్చిపోవడంతో ఆగదు. నా గాజులు ఎవరో తీశారు, కోడలు నా అన్నంలో ఏదో కలుపుతోంది అన్న అనుమానాలు మొదలవుతాయి. చీకటి పడుతుంటే ఎక్కువవుతాయి. ఇంట్లోవాళ్ళే పరాయివాళ్ళలా కనపడతారు. నా పేషెంట్లలో చూశాను. అలాంటి ఇంట్లో తుపాకీ ఉందని కొడుక్కి కూడా తెలియని సందర్భాలు చూశాను. నాన్నగారికి మతి తప్పుతోందని కారు తాళాలు దాచేస్తాం కదా, మరి దీని సంగతి ఎవరు అడుగుతున్నారు?

కారు అన్నాను కాబట్టి ఇది వినండి. టెక్సస్‌లో 79 నిండితే డ్రైవింగ్ లైసెన్స్ రెన్యువల్‌కి మనిషి స్వయంగా వెళ్ళాలి, కళ్ళ పరీక్ష ఇవ్వాలి. 85 దాటితే రెండేళ్ళకోసారి. ఇప్పుడు తప్పనిసరి కాకపోయినా, పిస్టల్ లైసెన్స్ తీసుకోవాలంటే? మొదటిసారి 50 తూటాలు కాల్చి చూపిస్తాం, మూడు గజాల నుంచి, ఏడు గజాల నుంచి, పదిహేను గజాల నుంచి. నూటికి డెబ్బై వస్తే పాస్. ఆ తర్వాత ఎన్ని రెన్యువల్సైనా మళ్ళీ కాల్చి చూపించమని ఎవరూ అడగరు. నేను 58లో పాసయ్యాను. డెబ్బైలో ఆ పరీక్ష పెడితే పాసయ్యేవాణ్ణి కాదు. నా జేబులో కార్డు మాత్రం చెల్లుతూనే ఉంది. అంటే ఆపే మనిషి బయట ఎవరూ లేరు. మనమే ఆగాలి.

ఇప్పుడు చెప్పబోయేది కష్టమైన మాట. నీళ్ళు తాగాలనుకుంటే తాగండి.

మనం తుపాకీ కొనేది బయటినుంచి వచ్చేవాడి కోసం. 2022లో ఈ దేశంలో తుపాకీ వల్ల 48 వేల పైచిలుకు మంది చనిపోయారు. అందులో 27 వేలమంది తమ ప్రాణం తాము తీసుకున్నవాళ్ళు. సగం కంటే ఎక్కువ. పెద్దవయసు మగవాళ్ళలో ఇది మరీ ఎక్కువ. 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో కాలిఫోర్నియా లెక్క ఒకటి వచ్చింది, రెండున్నర కోట్లకి పైగా మనుషుల మీద. సొంత హ్యాండ్‌గన్ ఉన్న మగవాళ్ళు తుపాకీతో ప్రాణం తీసుకోవడం, లేనివాళ్ళతో పోలిస్తే, దాదాపు ఎనిమిది రెట్లు. ఆడవాళ్ళలో ముప్ఫై అయిదు రెట్లు. తుపాకీ మనసుని పాడుచేస్తుందని కాదు. మనసు బాగాలేని ఆ ఒక్క గంటలో అది చేతికి అందుతుంది, రెండో అవకాశం ఇవ్వదు. ఆ గంట దాటితే చాలామంది బతికి బయటపడతారు.

నా స్నేహితుడు ఒకాయన, ఆయన అనుమతి తీసుకునే చెప్తున్నాను. భార్య పోయి నాలుగు నెలలు. తెల్లవారుజామున అయిదింటికి ఫోన్ చేశాడు. అన్నయ్యా, ఒకసారి రాగలవా అన్నాడు. ఎందుకని అడగలేదు, లుంగీ మీదే వెళ్ళాను. డైనింగ్ టేబుల్ మీద నల్ల ప్లాస్టిక్ పెట్టె, దాని మీద తాళంచెవి. పక్కన ఆవిడ మందుల డబ్బా ఉంది, వారానికి ఏడు గళ్ళుంటాయే, అది. గురువారం గడి వరకూ ఖాళీ. శుక్రవారం నుంచి మందులు అలాగే ఉన్నాయి. నాలుగు నెలలుగా ఆ డబ్బా అక్కడే ఉంది. ఆయన నా మొహం చూడకుండా, ఇది తీసుకెళ్ళు, నేను అడిగినా ఇవ్వకు అన్నాడు.

ఇద్దరం కాఫీ పెట్టుకున్నాం. స్పీకర్ పెట్టి 988కి ఫోన్ చేశాం, ప్రాణం తీసుకోవాలనిపించినప్పుడు మాట్లాడే హెల్ప్‌లైన్ అది. మూడంకెలే, రాత్రీ పగలూ ఎత్తుతారు. తర్వాత సియాటిల్‌లో ఉన్న కూతుర్ని లేపాం. మధ్యాహ్నం విమానానికి ఆ పిల్ల వచ్చేసింది. ఆ తర్వాత డాక్టరు, మందులు, మాట్లాడేవాళ్ళు, అన్నీ నెమ్మదిగా. పోయిన ఉగాదికి ఆయన సియాటిల్ వెళ్ళి మనవడికి పచ్చడి చెయ్యడం నేర్పి వచ్చాడు.

ఆ పెట్టె నేను మా ఇంట్లో పెట్టుకోలేదు. నాది ఎక్కడికి పోయిందో అక్కడికే పంపాను. ప్లేనోలో మా మేనల్లుడి ఇంట్లో ఇనప సేఫ్ ఉంది. రేంజ్ నుంచి వచ్చిన సాయంత్రమే నాది అతని చేతికి ఇచ్చాను. కాగితం మీద నంబరు, తేదీ రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. ఒకే రాష్ట్రంలో ఉన్నవాళ్ళం, అతనికి తుపాకీ ఉంచుకునే హక్కుంది కాబట్టి టెక్సస్‌లో అంతతో సరిపోయింది. కొడుకు వేరే రాష్ట్రంలో ఉంటే అలా చేతికి ఇచ్చెయ్యకూడదు, లైసెన్స్ ఉన్న డీలర్ ద్వారానే ఇవ్వాలి. రాష్ట్రానికో చట్టం, కనుక్కుని చెయ్యండి.

ఇవన్నీ విన్నా నా దగ్గర ఉంచుకుంటాను అనేవాళ్ళుంటారు. మీ హక్కు మీది. అలాగైతే సేఫ్‌లో పెట్టండి, మనవలు వచ్చే ఇల్లు, దిండు కింద, సొరుగులో వద్దు. నెలనెలా రేంజ్‌కి వెళ్ళండి, పక్కన ఒకరిని పెట్టుకుని వెళ్ళండి. హ్యాండ్‌బ్యాగ్‌లో అసలు వద్దు. 2023లో ఈ దేశం ఎయిర్‌పోర్టుల్లో సెక్యూరిటీ దగ్గర 6,737 తుపాకులు దొరికాయి, నూటికి తొంభై పైన తూటాలతో ఉన్నవే. చాలామంది చెప్పే మాట ఒకటే, బ్యాగ్‌లో ఉందని మర్చిపోయాను అని. హైదరాబాద్‌లో దిగేటప్పుడు బ్యాగు అడుగున ఒక్క తూటా దొరికినా అక్కడ ఆయుధాల చట్టం కింద కేసు. చెల్లెలి కూతురి పెళ్ళికి వెళ్ళి స్టేషన్‌లో కూర్చోవాల్సి వస్తుంది.

దొంగల సంగతేమిటి అంటారా? బంగారం బ్యాంకు లాకర్‌లో పెట్టండి. వాకిట్లో లైటు, తలుపుకి కెమెరా, గట్టి బోల్టు. తలుపు తియ్యకుండా మాట్లాడండి. చప్పుడైతే పడగ్గది తలుపు వేసుకుని 911కి, పోలీసులకి, ఫోన్ చెయ్యండి. ఇంగ్లీషు తడబడితే ‘తెలుగు’ అనండి చాలు, భాష తెలిసినవాళ్ళని లైన్‌లో కలపమని అడగొచ్చు. ఇవేమీ గొప్ప విషయాలు కావు, కానీ వీటికి చేతి బలం అక్కర్లేదు.

బయట టీ టేబుల్ మీద ఒక కాగితం పెట్టాను, నేనే తెలుగులో టైప్ చేయించాను. అందులో రెండే ఖాళీలు. నా తుపాకీ ఎవరికి ఇస్తాను. ఏం జరిగినప్పుడు ఇస్తాను. స్లైడ్ లాగలేనప్పుడా, రాత్రి కారు నడపడం మానేసినప్పుడా, ఇంట్లో ఒక్కణ్ణే మిగిలినప్పుడా, మీరే రాయండి. కింద మీ సంతకం, పక్కన పిల్లల సంతకం. మతి బాగున్నప్పుడే రాయాలి ఇది, తర్వాత రాయలేం. పోయిన నెల పిస్టల్ కొన్న బావగారు ఇవాళ వచ్చారు, మూడో వరసలో ఉన్నారు, ఇందాకటినుంచి నావైపే చూస్తున్నారు. బావగారూ, భోజనాలయ్యాక మీ పక్కనే కూర్చుంటాను, ఇద్దరం కలిసి నింపుదాం. పెన్నులు కూడా అక్కడే ఉన్నాయి.